పారాణి జెండా

గూడ్సు బండి పోతుంటే నేను గేటు దగ్గరే నిలబడిపోతాను. విశాఖలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా ఇదే తంతు. అండమాన్ మనిషి కదా, రైలు ఎప్పుడు చూసింది పాపం, అని అల్లుడు నవ్వుతాడు. పాత సిగ్నల్ కేబిన్లన్నీ కూల్చేస్తున్నారని పక్కింటి రిటైర్డ్ గార్డు గారు కళ్లు ఒత్తుకుంటారు. నాకు కన్నీళ్లు రావు. ఒళ్లు మండుతుంది.

మాకూ ఒక గూడ్సు ఉండేది. మా అండమాన్లో సెటిల్మెంట్లు, అదే కొత్త ఊళ్లు, వేస్తున్న రోజుల్లో ఫెరార్గంజ్ అవతల అడవిలో కొట్టిన దుంగలను పట్టాల మీద ట్రాలీల్లో కిందికి, క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకి దింపేవారు. ఇంజను లేదు, గింజను లేదు. వాలు ఉంది, వెనక ట్రాలీ మీద బ్రేకు పట్టుకున్న మనిషి ఉన్నాడు, అంతే. సగం వాలులో, మలుపు దగ్గర మా నాన్న మంచె. దాన్నే అందరూ టవర్ అనేవారు. కింద పట్టాల మీద మనుషులు దుంగలు దించుతుంటే మంచె కప్పుకి ఎర్రగుడ్డ వేలాడదీయాలి. వాళ్లు తప్పుకున్నాక తీసేయాలి. గుడ్డ కనిపిస్తున్నంతసేపూ పైనుంచి బండి కదలకూడదు. శ్రీకాకుళం ఒడ్డున వలలు లాగిన మా నాన్నకి దొరికిన మొదటి నెలజీతం ఉద్యోగం అది.

ఆ గుడ్డ ఇవ్వాల్సింది కాంట్రాక్టరు. అడిగినప్పుడల్లా "షిప్పు రానీ" అనేవాడు. షిప్పులు వచ్చాయి. ఆయనకి సీసాలొచ్చాయి, సిగరెట్లొచ్చాయి, గ్రామఫోను కూడా వచ్చింది. గజం గుడ్డ మాత్రం రాలేదు. ఆ వానలకీ ఎండలకీ ఏ గుడ్డా నిలవదు. అమ్మ తన ఎర్రచీర ఒకటి ముక్కలుగా చింపి ఇస్తూ వచ్చింది. చివరి ముక్క కూడా పీలికలయ్యాక ఇంట్లో మిగిలిన ఎరుపు ఆమె పెళ్లిచీర ఒక్కటే. పెట్టెలోంచి తీసింది కూడా.

"ఆ సీర ముట్టుకోకే. నా మీద ఒట్టు" అన్నాడు నాన్న.

"మరేటి కడతావు? నీ తలగుడ్డా?"

నిజంగానే తలగుడ్డ విప్పి ఇచ్చాడు. అమ్మ పసుపులో సున్నం కలిపి, కాళ్లకు పెట్టుకునే పారాణిలాగే గిన్నెడు చేసి, ఆ తెల్లగుడ్డని అందులో ముంచింది. ఎంత ఎర్రగా వచ్చిందో! ఇద్దరూ దాన్ని ఆరేసి మురిసిపోయారు.

పారాణి కాళ్లకే ఎన్నాళ్లు నిలుస్తుంది? మర్నాడు వాన కొట్టింది. సున్నం కడుక్కుపోయి, గుడ్డ మళ్లీ పసుపురంగుకి తిరిగి ఆకుల్లో కలిసిపోయింది. నాన్న కళ్లు కింద ఉన్న మనుషుల మీదే ఉన్నాయి. నెత్తి మీద గుడ్డ రంగు మారడం ఆయన చూడలేదు. పైన బ్రేకు మనిషికి ఎరుపు కనిపించలేదు, బండి వదిలేశాడు. నాన్న అరుపు విని కిందివాళ్లు పక్కకి దూకారు. ఒకాయన దూకలేకపోయాడు. కాలు పోయింది.

విచారణ అన్నారు. కాంట్రాక్టరు ఆ గుడ్డని రెండు వేళ్లతో ఎత్తి చూపించి, "హల్దీ! సిగ్నల్‌కి హల్దీ పూశాడు సాబ్" అన్నాడు. గదంతా నవ్వింది. అక్కడ ఒక మనిషి కాలు పోగొట్టుకుని ఆస్పత్రిలో పడి ఉంటే వీళ్లు నవ్వారు. నువ్వు గుడ్డ ఎందుకివ్వలేదని ఒక్కడూ కాంట్రాక్టరుని అడగలేదు. నాన్నని పనిలోంచి తీసేశారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను. కాంట్రాక్టరు మీద కోపం, నవ్విన వాళ్ల మీద కోపం, తలవంచుకు నిలబడ్డ నాన్న మీద కూడా కోపమే. నోరు విప్పి ఒక్క మాట అనొచ్చుగా!

సామాను సర్దుకుని రేవు పక్కనున్న హాడోకి బయల్దేరిన రోజు మంచె మీద కొత్త మనిషి ఉన్నాడు, రాంచీ నుంచి వచ్చినవాడు. కప్పుకి ఏ గుడ్డా లేదు. అమ్మ ట్రంకుపెట్టెని దారిలోనే దింపించింది. పెళ్లిచీర తీసి, అంచు పంటితో కొరికి, నిలువునా చింపింది. నాన్న వద్దనలేదు.

"కొత్తదానిలా ఉంది, ఎందుకు చింపేశావు దీదీ?" అన్నాడతను హిందీలో, మంచె దిగి వచ్చి.

అమ్మ ముక్కలన్నీ అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో భయ్యా, కట్టు. ఇది పెట్టెలో బద్రంగా ఉండబట్టే ఒకడి కాలు పోనాది."