కరియ గుండె

యుద్ధం రోజుల్లో పలమనేరు పశువుల ఆసుపత్రి వెనక, రేకుల కొట్టంలో ఉండే నున్నటి రాతిబండ పాతవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. వీధిలో కుక్క చచ్చిందని తెలిస్తే చాలు, డాక్టరు దొరస్వామి దాన్ని గోనెపట్టాలో మోయించుకొచ్చి ఆ బండమీద పడుకోబెట్టేవాడు. చదువుకునేటప్పుడు ఆయన చేతికి ఎక్కువగా ఆవులూ గుర్రాలే వచ్చాయి. కుక్క లోపలి సంగతి తానే కోసి తెలుసుకోవాలని పట్టు. కత్తి పెట్టే ముందు దాని చెవి నిమిరి, "రవంత ఓర్చుకోప్పా" అనేవాడు. పని అయినాక ఎక్కడివక్కడ సర్ది, కుట్టి, పూడ్పించేవాడు. ఇంటికొస్తే భార్య జ్ఞానాంబ సీకాయపొడి ఇచ్చి బావి దగ్గరే నిలబెట్టేది. ఆ చేతుల వాసన చూసి కూడా దగ్గరికొచ్చేది పెంపుడు కుక్క కరియ ఒక్కటే.

ముసలిదయినాక కరియ సాయంత్రం షికారులో వెనకబడేది. మిట్ట సగం ఎక్కి కూలబడి రొప్పేది. "తిని తిని సోమరిపోతువైనావు, లెయ్ రా!" అని ఆయన అదిలిస్తే తోక ఊపుతూ లేచేది.

ఒక పొద్దున అది లేవలేదు. జ్ఞానాంబ పెరట్లో గుంత తవ్విస్తూంటే, ఆయన దాన్ని ఎత్తుకుని కొట్టంలోకి పోయాడు. తిరిగొచ్చి, సీకాయపొడి అందుకోకుండా చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఏం అగపడింది లోపల?" అంది ఆమె.

"గుండె ఉబ్బిపోయి ఇంత లావుండాది, జ్ఞానాంబా. ఆ గుండెతోనే వాడు, నేను తిట్టినప్పుడల్లా లేచి మిట్ట ఎక్కినాడు."