కొమ్మ పడి ఉన్న దారి

ఈ రోజు సంతలో ఎండుచేపల గంప ముందు ఆగిపోయాను. ఉప్పూ తడీ కలిసిన ఆ వాసన తగలగానే రాహేలు టీచరమ్మ వ్యాన్‌లో, ఆమె పక్క సీట్లో కూర్చున్నట్టే అయింది. అద్దం నిండా మంచు, "తుడువే జోగమ్మా, రోడ్డు కనబడ్తలేదు" అని ఆమె కేక. ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించకుండా ఇది రాస్తున్నాను. ఎప్పుడో రాయాల్సింది. కానీ యాభై ఏళ్లు దగ్గరపడేదాకా నాకు అక్షరం రాదు. వచ్చాక కూడా సంతకం, బస్సు బోర్డు, మందు సీసా మీద పేరు, అంతవరకే. ఇంత పొడుగు సంగతి రాసేంతగా చెయ్యి తిరగడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. పైగా ఆమె బతికుండగా రాస్తే ఎర్రపెన్నుతో దిద్ది పంపేవారు. ఇప్పుడు దిద్దేవాళ్లు లేరు.

టీచరమ్మది కొత్తగూడెం, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తన పాత వ్యాన్ తానే నడుపుకుంటూ భద్రాచలం అవతల అడవిలో ఉన్న మా ఊరికి వచ్చేవారు. పొద్దుగూకే వేళ పంచాయతీ గదిలో ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. ఒకరోజు పుస్తకంలో 'సముద్రం' అనే మాట వచ్చింది.

"వరదొస్తే గోదారికి అటు గట్టే కనబడదు. దానికన్న పెద్దగుంటదా?" అన్నాను.

"ఉంటది."

గుమ్మం దగ్గర నిలబడ్డ మా పక్కింటి కన్నమ్మ నవ్వింది. అది లోపలికి రాదు, పలక పట్టదు. మమ్మల్ని వెక్కిరించడానికి మాత్రం రోజూ వచ్చేది. "నీళ్లు సూసుడుకు అంత దూరం పోవాల్నా? మా ఇంటెనక వాగున్నది, రా సూపిస్త," అంది.

ఆ ఏడాది చలికాలానికి టీచరమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. కాకినాడలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాలనుకున్నారు. వెళ్లేముందు ఒకే మాట పట్టుకున్నారు: ఈ చదువు నువ్వే నడిపించు. నడిపేవాళ్లు లేకపోతే ఆ గది మూతపడుతుంది. నేను ఒప్పుకోలేదు.

"నాకే సక్కగ రాదు టీచరమ్మా. ఇంకోలకేం చెప్త?"

ఆమె వాదించలేదు. "సరే, నన్ను దింపనన్నా రా. ఒక రోజంతా సముద్రం పొంటి తిప్పుత. ఈ బండి నేను నడిపేది గదే ఆఖరు," అన్నారు. అది విని కన్నమ్మ అందరికంటే ముందే సంచి సర్దుకుంది.

కాకినాడలో రాత్రి పడుకుని, తెల్లవారుతుండగానే ఉప్పాడ రోడ్డెక్కాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే సముద్రం పక్కనే ఉన్నా చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఏదే సముద్రం? గీ మంచు మనూర్ల లేదా?" అని కన్నమ్మ గొణుగుతుండగానే, ఒక అల రోడ్డు పక్క బండరాళ్లకు కొట్టుకుని ఎగిరి మా అద్దం మీద భళ్లున పడింది. ముగ్గురం ఒక్కసారే అరిచాం. కన్నమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి, తడి వేలు నోట్లో పెట్టుకుంది. "అవ్వో! ఉప్పు!" అని మళ్లీ చాపింది.

చాలా దూరం పోయాక దారి రెండుగా చీలింది. టీచరమ్మ బండి ఆపి, "దిగు, బోర్డు చదివి చెప్పు," అన్నారు. దిగాను. ఎడమ దారికి అడ్డంగా ఒక పచ్చి కొమ్మ పడి ఉంది. మా అడవిలో ముందు పోయినవాళ్లు వెనక వచ్చేవాళ్ల కోసం పోగూడని దారికి అడ్డంగా ఆకుకొమ్మ వేసి పోతారు. చిన్నప్పటి నుంచి అదే మాకు బోర్డు. దాన్ని చూశాక నేనిక తలెత్తలేదు. "ఇటు మూసిండ్రు. కుడిదిక్కు పోనియ్," అన్నాను.

కుడి దారి సరుగుడు తోటల్లో సన్నబడి, చేపలు పట్టేవాళ్ల గుడిసెల ముందు ఇసుకలో ముగిసింది. చక్రాలు దిగబడిపోయాయి. వలలు ఆరేస్తున్న ఒకావిడ వచ్చి సంగతి విని, కడుపు పట్టుకుని నవ్వింది.

"మేకలకి కొట్టుకెళ్తున్న కొమ్మమ్మా అది! సైకిలు మీంచి జారిపోయినట్టుంది. దానికే దారి మూసేరనుకున్నారా?"

"బోర్డు సదువమంటే కొమ్మ సదివింది మా పంతులమ్మ!" అంది కన్నమ్మ.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "సూసినవా టీచరమ్మా? గిందుకే వద్దన్న. బోర్డు పెట్టుకుని కొమ్మ సూసేదాన్ని నేనేం చెప్త?"

టీచరమ్మ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగారు. "మొదటిసారి బండి వాగు అవతల్నే ఆపి మీ ఊరికి నడిచొచ్చిన రోజు గిట్లాంటి కొమ్మనే దాటుకుంట పోయిన. బురదల దిగబడ్డ. నన్ను బయటికి గుంజిందెవరు?"

"నేనే."

"ఏమన్నవ్?"

"ఇంత సదువుకున్నవ్, కొమ్మ కానరాలేదా అన్న."

"అని పోయినవా?"

"లే. ఏ కొమ్మకు ఏం అర్థమో ఊరు దాక చెప్పుకుంటనే తీస్కపోయిన."

"చెప్పుడంటే అంతేనే. నాకు రాదని నువ్వేం చిన్నచూపు చూడలే. ఇగ దిగు, బండి నూకాలె."

గుడిసెల వాళ్లంతా వచ్చి వ్యాన్‌కు భుజాలు ఆనించారు. వాళ్లు 'హైలెస్సా' అంటుంటే మేమూ గొంతు కలిపాం. బండి గట్టి నేల ఎక్కేసరికి మంచు విడిపోయింది. ఎదురుగా నల్లటి రాళ్లు, వాటి మీద తాటిచెట్టంత ఎత్తు లేస్తున్న నీళ్లు. కన్నమ్మ నా రెక్క గట్టిగా పట్టుకుంది. "గోదారి దాని దారిన అది పోతది. ఇదేందే, మన మీదికే వస్తున్నది!"

ఆ తర్వాత రోజంతా ఎగుడుదిగుడు తీరం వెంట తిరిగాం. కొండలు నీళ్లలోకి దిగే చోటల్లా బండి ఆపించాం. దారిలో నేను ఒక్క బోర్డు వదల్లేదు. ఊళ్ల పేర్లు, టీ కొట్లు, విత్తనాల ప్రకటనలు, పెళ్లి బ్యానర్లు, అన్నీ గట్టిగా చదివాను. చివరికి టీచరమ్మే విసుక్కున్నారు. "చాలు తీయవే! సముద్రం దిక్కు చూడు."

ఇప్పటికీ పంచాయతీ గదికి కొత్తగా వచ్చినామె "నాకు రాదు" అని తల దించుకుంటే నేను పలక ఇవ్వను. ముందు ఆమెకు వచ్చిందేదో నాకు చెప్పమంటాను. తేనెపట్టు దింపడమో, నాగలికి కర్ర చూసుకోవడమో. చెబుతూ చెబుతూ ఆమె గొంతు లేస్తుంది. అప్పుడు అక్షరం తీస్తాను. రాహేలు టీచరమ్మ నుంచి నాకు మిగిలింది ఇదే.

సముద్రం చూసిన మరునాడు పొద్దున కాకినాడ బస్టాండులో భద్రాచలం బస్సెక్కి, కన్నమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పక్కన ఆగి ఉన్న బస్సు మీద మొదటి అక్షరం చూపించాను.

"నాకు రాదని తెల్సు గదనే?" అంది.

"తెల్సు. వెదురుబుట్టకు అడుగు ఎట్లేస్తవో నాకు రాదు. ముందు అది చెప్పు."

కన్నమ్మ నా మొహంలోకి అనుమానంగా చూసి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, రెండు చేతులూ ముందుకు పెట్టి మొదలుపెట్టింది.