ఒక్క నిమిషం ఆగిన బండి

ఆ రోజు తెల్లవారుజామున పట్టిన ముసురు పొద్దెక్కినా వదల్లేదు. దిగువ మడిలో నలుగురం వరి ఆకు తీసి కట్టలు కడుతున్నాం. మధ్యాహ్నానికి పై మడిలో ఊడ్పు మొదలవ్వాలి. గట్టు మీద ఎడ్లబండి ఆగింది. మా చిన్నమావని పెద్ద స్టేషనుకి తీసుకెళ్లిన బండే అది. తోలినవాడు దిగలేదు.

"మీ సిన్నమావ పోనాడ్రా. రైలు రాకముందే. స్టేషన్ బల్ల మీదే" అన్నాడు.

బండిలో గడ్డి మీద మావ ఉన్నాడు. తడవకుండా గోనెసంచులు కప్పారు. తీసిన ఆకు నీళ్లలో కొట్టుకుపోకుండా గట్టెక్కించి, మేం బండి వెనక నడిచాం.

గుండెల్లో నొప్పి అంటే శ్రీకాకుళం ఆస్పత్రికని బయల్దేరదీశారు. మా ఊరి హాల్టులో పాసింజరు ఆగడం మానేసి ఏడాది దాటింది. అందుకని పెద్ద స్టేషనుకి ఆరు మైళ్లు ఎడ్లబండి మీద వెళ్లాల్సి వచ్చింది. మా హాల్టులో రైలు ఆగి ఉంటే మావ బతికేవాడని నేను అనను. అలా రాయమని ఒకరిద్దరు చెప్పారు. నాకు తెలియని సంగతి రాయలేను. తెలిసినవి రాస్తాను.

మీలో ఎవరైనా ఆ లైను మీద పొద్దుటి పాసింజరులో వెళ్లి ఉంటే ఉప్పుమళ్ల పక్కన ఒక తాటాకు పాకని చూసే ఉంటారు. అదే మా హాల్టు. ప్లాటుఫారం లేదు. ఒక బల్ల, ఊరి పేరు రాసిన బోర్డు, అంతే. అలాంటి చోట రైల్వే ఉద్యోగి ఉండడు. టిక్కెట్లు అమ్మే పని ఊళ్లోనే ఒకరికి అప్పగిస్తారు. మా అమ్మ తమ్ముడైన చిన్నమావ ఎకరంన్నర సేద్యం చేసుకుంటూ పన్నెండేళ్లు ఆ పని చేశాడు. టిక్కెట్లు ఒక రేకు పెట్టెలో ఉండేవి. టిక్కెట్టు ఇచ్చే ముందు ప్రతిసారీ చెయ్యి తువ్వాలుకి తుడుచుకునేవాడు. తీసుకునేవాళ్ల చెయ్యి చేపల నీళ్లతో తడిసి ఉన్నా సరే, తన చెయ్యి మాత్రం పొడిగా ఉండాలి.

ఎక్కేవాళ్లలో ఎక్కువమంది సముద్రం ఒడ్డు పేట నుంచి వచ్చే ఆడవాళ్లు. తట్టలు నెత్తిన పెట్టుకుని ఉప్పుమళ్ల గట్టు వెంట వరసగా వచ్చేవారు. మావ పాక బయట నిలబడి, దూరం నుంచే తట్టలు లెక్కపెట్టి టిక్కెట్లు సిద్ధం చేసేవాడు. వాళ్లకి ఆయన టిక్కట్ల బావ. అందరికంటే ముందు నడిచే ముసలామె పాక ఇంకా పది గజాలు ఉందనగానే మొదలుపెట్టేది.

"ఏటి టిక్కట్ల బావా, మొకం అలగున్నాది? మీ ఆవిడ గంజి పోయలేదేటి?"

"పోసినాది వదినా. నీ తట్టలో కవళ్ల సేపలు సూసి మళ్లీ ఆకలేసినాది."

"ఆకలేస్తే రైలెక్కి పట్నం రా. అక్కడ కొనుక్కుందువు."

బండి ఆగేది ఒక్క నిమిషం. తట్ట ఒక్కరు ఎత్తలేరు. ఒకరి తట్ట ఇంకొకరు రైలు పెట్టెలోకి అందించి ఎక్కాలి. అలా అందించుకుంటూ పోతే చివరి ఆమె తట్టకి చెయ్యి వెయ్యడానికి కింద ఎవరూ ఉండరు. ఆ చివరి తట్ట రోజూ మావ ఎత్తేవాడు. ఎవరైనా వెనకబడితే తువ్వాలు పైకెత్తేవాడు. గార్డు విసుక్కునేవాడు, కానీ ఆగేవాడు.

ఆ రోజుల్లో కొత్తగా వేగం బండి ఒకటి వేస్తారని కబురు వచ్చింది. దానికి దారి ఇవ్వాలంటే పాసింజరు చిన్న హాల్టుల్లో ఆగడం తగ్గించాలన్నారు. టెక్కలిలో ఒక రైసుమిల్లు ఆవరణలో సభ పెట్టారు. మావ నన్ను వెంట తీసుకెళ్లాడు. అర్జీలు రాసేది నేనే కనక.

ఒక ప్లీడరుగారు లేచి, "ప్రతి దిబ్బ దగ్గరా ఆగుతూ పోతే కలకత్తా ఎప్పుడు చేరతాం? లోకం ముందుకెళ్తూంటే మనం ఇక్కడే కూర్చోవాలా?" అన్నారు. చప్పట్లు బాగా కొట్టారు. ఒక మేష్టారు, ముందు ఉన్న పాసింజరుకే ఇంకో రెండు పెట్టెలు తగిలించమన్నారు. దానికీ కొట్టారు. ఆ తరవాత మావ లేచాడు.

"నాను టిక్కట్లమ్మీవోడిని బాబూ. బేగి ఎల్లీవోల్ని ఆపమని అడగతం లేదు. మా కాడ ఒక్క నిమిషం ఆగమంతన్నాను. రైలుకది నిమిషం. మా ఆడోల్లకి ఒక పూట."

వెనక నుంచి ఎవరో, "సేపల కంపు కూడా ఒక పూట ఉంటాది!" అన్నారు. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు. "ఉంటాది బాబూ. తినీవోలింట్లోనూ ఉంటాది" అని కూర్చున్నాడు.

సభకి వచ్చిన రైల్వే ఇనస్పెక్టరు మంచివాడే. బయటికి వచ్చాక మావని పిలిచి, ఒక వారం పాటు గుమాస్తాని పంపి ఎంతమంది ఎక్కుతున్నారో చూస్తామన్నాడు. ఏ వారం పంపమంటావని అడిగాడు. మావ వేళ్లు మడిచి చూసుకుని, మాఘ అమావాస్య ముందు వారం పంపమన్నాడు. చీకటి రాత్రులు. కవళ్లు బాగా పడతాయి. పేటలో ఒక్క తట్ట కూడా ఖాళీగా ఉండదు. తిరిగి వచ్చే దారిలో ఆయన అంత హుషారుగా మాట్లాడటం నేను ముందెప్పుడూ వినలేదు.

ఆ వారానికి రెండు రోజుల ముందు పేటలో ఇద్దరు పిల్లలకి అమ్మవారు పోసింది. సాయంత్రానికి డప్పు కొట్టి పొలిమేర కట్టేశారు. అంటే తొమ్మిది రోజులు పేటలోంచి మనిషి గానీ తట్ట గానీ బయటికి రాకూడదు. బయటివాళ్లు లోపలికి వెళ్లకూడదు. పడవలు ఒడ్డునే ఉండిపోతాయి.

మర్నాడు మావ, నేను వెళ్లాం. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి ఉంది. కేకేస్తే ముసలామె వచ్చి అవతల నిలబడింది.

"అక్కడే ఉండు బావా. లోనకి రాకు."

"రాను వదినా."

"రైలోల్లని ఇంకో వారం రమ్మనరాదేటి?"

"అడిగినాను. కాయితం మీద ఎక్కిపోనాదంట, మారదంట."

ఆమె వెనక్కి తిరిగి పేట వైపు చూసింది. "మా మనవడే బావా, పడున్నాడు. ఒళ్లంతా పోసేసినాది. నాను తాడు దాటితే రేపు ఆడికేటైనా అయితే..."

"దాటమనడానికి రాలేదు వదినా. పిల్లోడెలగున్నాడో అడగడానికొచ్చినాను" అన్నాడు మావ.

అది అబద్ధం. దాటమని అడగడానికే బయల్దేరాడు. ఎలా అడగాలో దారి పొడుగునా నాకు చెబుతూనే వచ్చాడు.

గుమాస్తా వచ్చి పాకలో కూర్చున్నాడు. మొదటి రోజు ఆరుగురు ఎక్కారు. రెండో రోజు నలుగురు. గట్టు మీద ఎవరూ రాకపోయినా మావ పాక బయటే నిలబడి అటే చూసేవాడు. మా ఊరివాళ్లని ఎక్కమని ఇల్లిల్లూ తిరిగాను. నూర్పుల రోజులు, పైన మబ్బు. కళ్లంలో ధాన్యం వదిలి ఎవరొస్తారు? ఎక్కకపోయినా టిక్కెట్లు మనమే కొనేద్దాం మావా అన్నాను.

"ఎక్కనోడికి టిక్కట్టు కోస్తే రేపు ఎక్కినోడిని నమ్మర్రా" అన్నాడు.

ఏడు రోజులు అయ్యాక గుమాస్తా పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు. పేట సంగతి మావ చెబితే ఆయన విన్నాడు, పాపం. పుస్తకంలో అలాంటిది రాయడానికి గడి లేదన్నాడు. ఆ తరవాత రెండు రోజులకి పేటలో తాడు విప్పారు. మనవడు బతికాడు, మొహం మీద మచ్చలు మిగిలాయి. ఆ మర్నాడు గట్టు మీద ముప్పై తట్టల పైనే వచ్చాయి. మావ లెక్కపెట్టాడు.

ఉగాది వెళ్లాక పాసింజరు మా దగ్గర ఆగడం మానేసింది. నేను నాలుగు అర్జీలు రాశాను. పేట ఆడవాళ్లు వేలిముద్రలు వేశారు. పరిశీలిస్తున్నామని రెండింటికి జవాబు వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో మాకు తెలియలేదు. కొత్త బండి మంచిదే. ఇనస్పెక్టరూ మంచివాడే. అమ్మవారిని అనలేం. మావ మాత్రం "వారం అడిగింది నానేరా" అనేవాడు. ఇందులో నీ తప్పేముంది మావా అంటే, "తప్పని కాదురా. అడిగింది నానే" అనేవాడు. అంతకు మించి ఆ మాట సాగేది కాదు.

రేకు పెట్టె రైలువారికి అప్పజెప్పేశాడు. పొలంలో ఉంటే మాత్రం పాసింజరు వేళకి అరక ఆపేవాడు. ఎడ్లు బెదురుతాయి అనేవాడు. అవి పుట్టిన దగ్గర నుంచీ రోజూ ఆ రైలుని చూస్తున్న ఎడ్లే.

ఆడవాళ్లు పెద్ద స్టేషను దాకా నడుస్తున్నారు. అక్కడ తరవాతి బండి ఎక్కుతారు. పట్నం చేరేసరికి చేప మెత్తబడుతోంది. కొందరు మానేశారు.

మావ పోయిన పదకొండో రోజు పొద్దున్నే వాళ్లు మా అత్తని చూడటానికి వచ్చారు. తట్టలు వీధిలోనే దించి అరుగు మీద కూర్చున్నారు. ముసలామె ఏడవలేదు. "టిక్కట్ల బావ సెయ్యి ఎప్పుడూ పొడిగుండీదే" అంది. అత్త తలూపింది. అప్పుడే పాసింజరు కూత వినబడింది. మాటలు ఆపి అందరూ అటు తిరిగారు. చక్రాల చప్పుడు నెమ్మదించలేదు.

తరవాత ఒకరి తట్ట ఒకరు ఎత్తుకున్నారు. చివరి తట్ట నేను ఎత్తాను. బరువుగా ఉంది.

పాసింజరు ఆరూ నలభైకి వెళ్లింది. ఏడు గంటలకి పదముగ్గురు ఆడవాళ్లు నడిచి వెళ్లారు.