సమ్మెట దెబ్బకూ దెబ్బకూ మధ్య

చేపల వేటకు సముద్రం మీదికి పోలేని నెలల్లో నేనూ నా భార్యా మైపాడు దారిలో కాలువ మీద కడుతున్న వంతెన పనికి పోయేవాళ్లం. అరవైల మొదట్లో మాట. వంతెన రెండు పక్కలా అడ్డుగా కమ్మీలు నిలబెట్టడానికి కాంక్రీటు పోసినప్పుడే వదలాల్సిన బొక్కలు మరిచిపోయారు. గట్టిపడ్డాక వాటిని తొలిచే పని మా నెత్తిన పడింది. ఆమె కింద కూర్చుని పొడవాటి ఉలి పట్టుకునేది, నేను నిలబడి సమ్మెటతో కొట్టేవాణ్ని. దెబ్బ దెబ్బకీ ఆమె ఉలిని కాస్త తిప్పాలి. నా గురి తప్పితే ఆమె చేతులు పోతాయి. అయినా ఒక్కనాడూ నా వంక అనుమానంగా చూడలేదు మహాతల్లి.

బొక్కలో నీళ్లు పోస్తూ కొడితే దుమ్ము లేవదని మేస్త్రీ చెప్పాడు. నాకేమో ముక్కు మీద కోపం, పనిలో తొందర. నీళ్లు పోస్తే లోపల బురదవుతుంది, ఉలి అంటుకుపోతుంది, మాటిమాటికీ తోడాలి. ఆమె చెంబు ఎత్తగానే కసురుకునేవాణ్ని. రెండు రోజులు చూసి చెంబు పక్కన పెట్టేసింది.

దుమ్ముకు మందు బెల్లమని మా అందరి నమ్మకం. సాయంత్రం మేస్త్రీ తలా ఒక ముక్క పెట్టేవాడు. కష్టమంతా నాదేనని ఆమె తన ముక్క కూడా నా చేతిలో పెట్టేది. నేనూ సిగ్గులేకుండా రెండూ తినేవాణ్ని.

ఒక మధ్యాహ్నం గాలి స్తంభించింది. సమ్మెట దించి చూస్తే ఆమె కనుబొమలు, రెప్పలు తెల్లగా ఉన్నాయి. ముసలమ్మవైపోయావని నవ్వాను. ఆమె కూడా నవ్వబోయి దగ్గు పట్టి వంగిపోయింది. ఎంతకీ ఆగలేదు. ఆగాక, నోరు మూసుకుని పట్టుకోవచ్చు గదా అని మళ్లీ నేనే కసిరాను.

"మూసుకొనే ఉండా. నువ్వు సమ్మెట దించేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుండా, ఎత్తేటప్పుడు పీల్చుకుంటుండా. ఇప్పుడు నవ్వించినావు, తప్పింది" అనింది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది నాకు. నా ముక్కు ఎక్కడో పైన, ఆమెది బొక్కకు జానెడు దూరంలో. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకు తట్టనే లేదు.

నేనే కాలువకు పోయి నీళ్లు తెచ్చాను. పోసింది నేనే, బురద తోడిందీ నేనే. నీళ్లు పోయమన్న మేస్త్రీయే పని ఆలస్యమైందని తిట్టాడు. పడ్డాను. నా పెళ్లాం మీద నాకెంత ప్రేమో అప్పటిదాకా నాకే తెలియదు.

దుమ్ము లేకపోయినా ఆమె అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టేది. ఆమె గాలి పీల్చుకునేదాకా నేను సమ్మెట ఎత్తి పట్టుకుని నిలబడేవాణ్ని.