తండ్రి బతికుండగా తీసిన మీసం

మా ఇంటాయన దవడ లోపల పుండు లేచింది పందొమ్మిది వందల ఎనభైల్లో. పొగాకు కాడ బుగ్గన లేనిదే అరక కట్టని మనిషి. గురజాల డాక్టరు చూసి పట్నం తీసుకుపొమ్మన్నాడు. పట్నంలో ముక్క తీసి పరీక్ష చేసి, కేన్సరేనన్నారు. ముదరకముందే వచ్చారు కాబట్టి కోత అక్కర్లేదు, రేడియేషన్ ఇస్తే తగ్గుతుందన్నారు. ఆ మాట మాకెవరికీ నోరు తిరగలేదు. కరెంటు పెట్టడం అనేవాళ్లం.

ఆసుపత్రి వెనక సత్రంలో ఒక గది దొరికింది. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, గోంగూర పచ్చడి ఇంటి నుంచే తెచ్చాను. హోటలు సాంబారు నీళ్లకు డబ్బులు తగలెయ్యడం నాకు చేతకాదు. పక్క గదిలో నరసరావుపేట సాయిబు ఉండేవాడు, లారీ మెకానిక్కు. అతనిదీ దవడ జబ్బే, కరెంటు పెట్టడం చివరికొచ్చింది. ఆసుపత్రి బల్ల మీద సాయిబు పక్కన ఒక వకీలు, వకీలు పక్కన ఎడ్లపాడు నుంచి వచ్చిన కూలి మనిషి. కూర్చునే బల్ల అందరికీ ఒకటేగానీ, కరెంటు ఎవరిది వాళ్లదే. ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో డాక్టరు ఒక్కొక్కరికీ వేరుగా గీతలు గీసేవాడు.

మొహానికి పెట్టేవాళ్లకైతే తల కదలకుండా సిమెంటు కట్టు పిండితో మొహం మీద అచ్చు పోసేవారు. రోజూ ఆ అచ్చు తగిలించి, దాని మీద గీసిన గుర్తులో కరెంటు పెడతారు. అలమరలో ఆ అచ్చులన్నీ వరసగా, కళ్లు లేని మొహాల్లా ఉండేవి.

"బాబూ, సాయిబుకు ఇంక రెండు రోజులేగా. ఆయన అచ్చే మా ఆయనకు పెట్టరాదూ? మళ్లీ పిండి దండగ," అన్నాను.

అచ్చులు పోసే కుర్రాయన పగలబడి నవ్వాడు. "ఒకరి చెప్పులు ఒకరికి పడితే పడతాయేమోగానీ, మొహం పడదు పెద్దమ్మా. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుదరదు. ముందు మీసం తీయించుకు రమ్మను."

మా ఆయన బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. "మా నాయన నిక్షేపంలా ఉండాడు. మీసం తియ్యను."

మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. బతికుండగా తీశాడంటే తండ్రి చావు కోరుకున్నట్టే. ఆ సంగతి కుర్రాయనకూ తెలుసు. సరేనని మీసానికి వ్యాజిలైను దట్టంగా రాసి పోసి చూశాడు. అచ్చు ఊడదీసేటప్పుడు మా ఆయన పెట్టిన కేకకు బయట వకీలు లేచి నిలబడ్డాడు. అచ్చుతోపాటు సగం వెంట్రుకలు వచ్చేశాయి. మళ్లీ తగిలిస్తే అది మొహం మీద అటూ ఇటూ ఊగింది.

"ఇది కదిలితే కరెంటు పక్కకు జరిగి కంట్లో పడుద్ది. మీసం తీయించకపోతే మేం చెయ్యగలిగేది ఏమీ లేదు," అన్నాడు కుర్రాయన.

ఆ సాయంత్రం సాయిబు వచ్చి తన నున్నటి గడ్డం తడిమి చూపించాడు. "నేను తీయించలా అన్నా? నట్టు సరిగ్గా కూర్చోకపోతే బండి ఎట్టా నడుస్తది?"

"నీ గడ్డం పోతే నీ ఒక్కడిదే పోద్ది తమ్ముడూ. నాది పోతే మా నాయన మీదికొస్తది."

"మీసం పెట్టుకుని కాటికి పోతావా ఏందయ్యా?" అని నేను అరిచాను.

"పోతా," అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కేన్సర్ అన్న రోజు కూడా నేను వేళకు అన్నం తిన్నాను. ఆ 'పోతా' విన్న రాత్రి స్టవ్వే వెలిగించలేదు. పుండు మనకోసం ఆగదు కదా. అప్పటికే రాగి జావ కూడా కష్టం మీద మింగుతున్నాడు. తెల్లారి బస్టాండుకు పోయి, మాచర్ల బస్సు కండక్టరు మా వైపు మనిషే అయితే అతనితో మా మామకు కబురు పంపాను. మీ కొడుకు మీసం తియ్యనంటున్నాడు, తియ్యకపోతే వైద్యం లేదంటున్నారు, మీరొచ్చి చెప్పండి అని.

మర్నాడు మామ దిగాడు. సాగర్ దాటడం ఆయనకు అదే మొదలు. భుజాన మూట, చెవుల దాకా తెల్లటి మీసం. వెనకాలే, గది చూపించిన సాయిబు. కాళ్లు కూడా కడుక్కోలేదు మామ.

"ఏందిరా, నీకు మీసం లేకపోతే నేను చస్తానంటనా?"

"అట్టా అనబాక నాయనా."

"ఉంచినా చచ్చేవాణ్ణేగా. ముందు నువ్వు పోతే నాకు తలకొరివి ఎవడు పెడతాడురా? ఈ సాయిబా?"

"నేను పెడతాలే పెద్దాయనా," అన్నాడు గుమ్మంలో సాయిబు.

"నువ్వూరుకో అబ్బాయ్." మామ కొడుకు పక్కన కూర్చున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, నేను పోయాక నాకోసం తీస్తే నేను చూడొస్తానా? అదేదో ఇప్పుడే తియ్యి. కళ్లుండగా చూసుకుంటా."

మా ఆయన లేచి బయటికి నడిచాడు. సత్రం అరుగు మీద మంగలి కత్తి పెడుతుంటే, మామే కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తాడు, చిన్నపిల్లాడికి పాలు పట్టేటప్పుడు ఎత్తినట్టు. అయిపోయాక కాసేపు ఆ మొహంలోకే చూశాడు.

"ఓరి నీ... ఇది మీ అమ్మ మూతిరా! ఇన్నేళ్లూ ఎట్టా దాచావు?"

మా అత్త పోయి అప్పటికి చానా ఏళ్లు. నాకు నవ్వొచ్చింది, కళ్లూ తుడుచుకోవాల్సి వచ్చింది. పైట చెంగు తడిస్తే మళ్లీ ఉతకాలని లోపలికి పోయాను.

మర్నాడు పోసిన అచ్చు అతుక్కున్నట్టు కూర్చుంది. కరెంటు పెట్టినన్నాళ్లూ మామ మాతోనే ఉన్నాడు. పుండు మానింది. కరెంటు తగిలిన వైపు మాత్రం మీసం మళ్లీ మొలవలేదు. అరమీసంతో ఏం తిరుగుతాడు, మొత్తం గీయించడమే అలవాటు చేసుకున్నాడు.

ఊరొచ్చిన వారానికి బెల్లంకొండ నుంచి మామకు వరసకు చెల్లెలు వచ్చింది. వీధి మలుపులో మా ఆయన మొహం చూసి, అక్కడి నుంచే "అన్నా, నన్నొదిలి పోతివా" అని శోకాలు అందుకుంది. మామ మంచం దిగి ఎదురెళ్లాడు.

"ఏమే, ఏడుపాపి లోపలికి రా. పోయేటప్పుడు నీకు చెప్పే పోతాలే. అమ్మాయ్, దీనికి మజ్జిగ పొయ్యి. వాడిక్కూడా పొయ్యి."

మా ఆయన గ్లాసెత్తి మజ్జిగ తాగుతూ నవ్వాడు. పుండు మానినా, కరెంటు వేడికి మింగేటప్పుడు ఇంకా మంట ఉండేది. అయినా గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.