మోగని ఫోన్
సర్వర్ గదిలో పదకొండేళ్లుగా అతనొక్కడే. దూరపు శాఖలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడ మాత్రం రోజూ ఫోన్ చేసేది.

"సార్, ఫైలు మళ్ళీ సగంలో ఆగింది. మిగతా సగం నడిచొస్తోందా?"

అతను నవ్వేవాడు. రోజంతటికీ అతనితో ఎవరైనా మాట్లాడేది అంతే.

కారణం అతనికి తెలుసు. సర్వర్ నుంచి ఫైళ్లు యూడీపీ అనే పద్ధతిలో ముక్కలుగా వెళ్తున్నాయి; అంత దూరంలో ఒక్క ముక్క తప్పిపోయినా పెద్ద భాగమంతా మళ్ళీ పంపాలి. టీసీపీ అనే మరో పద్ధతైతే అందని ముక్కనే మళ్ళీ పంపుతుంది. మార్చడం పది నిమిషాల పని. నెలగా వాయిదా వేస్తున్నాడు.

ఓ రోజు ఆవిడ గొంతులో నవ్వు లేదు. "సాయంత్రంలోగా ప్లాన్ ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుంది సార్."

వెంటనే టీసీపీకి మార్చాడు.

"చిటికెలో తెరుచుకుంది సార్! ఇక మిమ్మల్ని విసిగించను."

వారం గడిచింది. అతను రిసీవరెత్తి, లైను పనిచేస్తూనే ఉందని విని, పెట్టేశాడు.