బుట్ట అంచు

జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో రైలెక్కి కూర్చున్నాక టైం చూద్దామని ఫోన్ తీశాను. పక్క సీట్లో కూరగాయల సంచితో ఉన్న అమ్మాయి నా స్క్రీన్ మీది ఫోటో వైపు వంగింది. జావా దీవి తూర్పు కొసన, అగ్నిపర్వతం నోట్లో ఉన్న సరస్సు అది. బూడిదరంగు రాతిగోడల మధ్య పాలు కలిపినట్టుండే నీలం నీళ్లు. అదంతా ఆమ్లమని గైడ్ చెప్పాడు. అయినా అంత అందమైన చోటు నేనింకోటి చూడలేదు.

"మా కొండ, మేడమ్," అందామె వచ్చీరాని ఇంగ్లిష్‌లో. ఇక్కడికి వలస వచ్చి ఎవరింట్లోనో పనిచేస్తోందట. "మా నాన్న అందులోంచి గంధకం మోసేవాడు."

"అదృష్టవంతులు, రోజూ చూసేవాళ్లన్నమాట," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె తన భుజం తడిమి చూపించింది. "నాన్నకి ఇక్కడ కాయ కాసింది. ఆ గంధకం పొగకి ఊపిరితిత్తులు పోయాయి. నిరుడు చనిపోయాడు." తర్వాత ఫోటో అంచున వేలు పెట్టింది. "ఈ బుట్ట ఎవరిది?"

సరస్సుకు అడ్డుగా ఉన్నాడని గంధకం మోసే ఓ కూలీని ఫోటోలోంచి కత్తిరించేశాను. అతని బుట్ట అంచు మాత్రం మిగిలిపోయింది.

"ఎప్పుడు తీశారు?"

"రెండేళ్లయింది."

"అప్పటికి నాన్న మోస్తూనే ఉన్నాడు. వచ్చినవాళ్లంతా ఆయన్ని ఫోటో తీసేవాళ్లు. మా దగ్గర ఒక్కటీ లేదు. మొత్తం ఫోటో చూపిస్తారా, మేడమ్?"

ఫోన్ నిండిపోయిందని ఆ అసలు ఫోటోను ఎప్పుడో డిలీట్ చేశాను. ఆ సంగతి చెప్పలేక, చోవా చూ కాంగ్ స్టేషన్‌లో ఆమె దిగిపోయేదాకా వెతుకుతున్నట్టు నటించాను.